పద్నాలుగు గంటల అవతల

ఫోనులో అరచేతి వెడల్పు సముద్రం, దాని మీద పేనంత పసుప్పచ్చ విమానం. కదులుతోందో లేదో తెలియదు. రెప్ప వెయ్యకుండా చూస్తే కదలదు. చూపు తిప్పుకుని, కాస్త మైనం కరిగించుకుని మళ్ళీ చూస్తే ఇందాకటి చోట ఉండదు. దొంగపిల్లి నడక దానిది. దిగడానికి ఇంకో గంట అని కింద రాసి ఉంది, ఆ గంట ఎంతసేపటికీ అరగకుండా గంటలాగే ఉంది. పళ్ళావిడ ఫోనుని స్పిరిట్ దీపానికి ఇవతల, కట్టుడు పళ్ళు బిగించి చూసుకునే ఇనప దవడకి ఆనించి నిలబెట్టుకుంది. వీధి వీధంతా ఆమెని పళ్ళావిడ అనే అంటుంది. డాక్టర్లు తీసి పంపిన నోటి అచ్చుల్ని బట్టి పళ్ళ సెట్లు చేసే పని ఆమెది. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళు ఆ పేరు విని సంచి పట్టుకుని వచ్చి ద్రాక్షపళ్ళు ఉన్నాయా అని అడగడం, అద్దాల బీరువాలో వరసగా ఇకిలిస్తున్న దవడల్ని చూసి ఒకడుగు వెనక్కి వెయ్యడం ఏటా ఉన్న ముచ్చటే. మామూలు రోజైతే ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. ఇవాళ ఎవరొచ్చినా కరిచేట్టుంది.

ఆ పేనంత విమానంలో, రెక్క వెనక కిటికీ పక్కన, బొంగరం కూర్చుని ఉంది. బొంగరం అంటే కూతురు. ఒకచోట నిలబడదని వాళ్ళ నాన్న పెట్టిన పేరు, పందొమ్మిదేళ్ళొచ్చినా వదల్లేదు. నా కూతురు అని పళ్ళావిడ అంటుంది, మీ కూతురు అని వీధిలో వాళ్ళంటారు, ఆ పిల్ల కూడా అమ్మా అనే పిలుస్తుంది. కానీ కన్నది ఆమె కాదు. కన్నావిడ ఆ సముద్రానికి అవతల, విమానం దిగబోయే నగరంలో, ఈపాటికి అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ ఉంటుంది. అక్కడింకా పొద్దున్నే. అదొక మంట. ఇక్కడ పొద్దు వాలుతోంది, అక్కడ ఇప్పుడే తెల్లవారింది. ఇక్కడ పళ్ళావిడ ఖర్చుపెట్టేసుకున్న పూటంతా అక్కడ ఆవిడకి గవ్వంత తగ్గకుండా మిగిలే ఉంది. పిల్లని ఇంటికి తీసుకెళ్ళడానికి పొద్దున, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి మధ్యాహ్నం, పక్కపక్కన నడవడానికి సాయంత్రం. ఉన్నవాళ్ళకే పెట్టినట్టు రోజుకి రోజు ఆవిడ పళ్ళెంలో పెట్టారు. ఇక్కడ మాత్రం దీపాలు వేసుకోవడమే మిగిలింది.

దూరం సంగతి ఆమె వెతికి చూసుకుంది. టికెట్టు కొన్న రోజునే, స్నానాలగదిలో తలుపు గడియ వేసుకుని, కుళాయి తిప్పి ఆ చప్పుడు చాటున, రెండు నగరాల పేర్లూ పక్కపక్కన కొట్టింది. తిన్నగా గీత గీస్తే పదకొండు వేల కిలోమీటర్లు. విమానంలో పద్నాలుగు గంటలు. అంతేనా అనిపించింది. ఆమె అక్కగారి ఊరికి బస్సులో వెళ్ళడానికే ఒక రాత్రి పడుతుంది, దారిలో చక్రం పంచరైందంటే ఆ పద్నాలుగు గంటలూ అక్కడే అయిపోతాయి. ఇన్నేళ్ళూ ఆ దూరాన్ని ఆమె నక్కకీ నాకలోకానికీ ఉన్నంత అనుకుంది. అసలు ఆ దూరాన్ని చూసుకునే ఆ ఇంట్లో కాలు పెట్టింది. పెళ్ళి మాట వచ్చినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న మీ జీతమెంత అనీ కాదు, మీ అమ్మగారి కోపమెంత అనీ కాదు, మీ మొదటి ఆవిడ ఎక్కడుంది అని. ఆయన ఆ నగరం పేరు చెప్పాడు. ఇంటికెళ్ళి అన్నయ్య పిల్లల పటాల పుస్తకం తెరిచి వెతికితే ఆ నగరం ఇంకో పేజీలో దొరికింది. ఒకే పేజీలో కూడా పట్టనంత దూరం. కూతవేటులో ఉండి ఉంటే ఒప్పుకునేదే కాదు. అదే తన ఇంటి ప్రహరీగోడ అనుకుంది, పైన గాజుపెంకులు కూడా అక్కర్లేని గోడ. దాన్ని పద్నాలుగు గంటల్లో దూకెయ్యొచ్చని ఫోను చెప్పింది. అయితే అందులోనే కింద ఇంకో మాట కూడా రాసి ఉంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి కాబట్టి ఎక్కువసేపు పడుతుంది, వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంటకి పైగా కలిసొస్తుంది అని. ఆ మాటని ఆమె రెండుసార్లు చదువుకుని కుళాయి కట్టేసింది. గాలి తన పక్షానే ఉందనుకుంది. మనుషుల సంగతే తెలియాలి.

కన్నావిడ భూకంపాలు కొలుస్తుంది. భూమి అడుగున ఎక్కడ ఏ బండ ఒళ్ళు విరుచుకున్నా ఆవిడ గదిలో సూది ఊగుతుందట. ఆయన చెప్పిన కథ చిన్నది. ఆరు నెలల చదువని వెళ్ళింది, అప్పటికి పిల్లకి మాటలు వస్తున్నాయి. ఆరు నెలలు ఏడాదైంది, ఏడాది ఉద్యోగమైంది. మీరిద్దరూ ఇక్కడికి రండి అని ఆవిడ, నువ్వే వచ్చెయ్ అని ఈయన, ఎవరి పట్టు వాళ్ళు పట్టుకు కూర్చుని చివరికి విడివిడిగా సంతకాలు పెట్టారు. అందులో తిట్టుకోవడాల్లేవు, తలుపులు విసిరికొట్టడాల్లేవు. ఆవిడ చెడ్డదని ఆయన ఒక్కనాడూ అనలేదు, అదే పళ్ళావిడకి కడుపుమంట. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత ఊరటగా ఉండేది! ఈయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏది ఎక్కడ ఇరుక్కుపోయినా కంగారు పడకండి అనడం ఆయన వృత్తి. ఒకసారి ఎక్కడో పెద్ద భూకంపం వచ్చి టీవీలో ఆవిడని మాట్లాడించారు. నల్ల కోటు, పొట్టి జుట్టు, వెనక గోడనిండా గీతలు. పిల్ల తింటున్నది ఆపేసి తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి కూర్చుంది. పళ్ళావిడ టీవీ కట్టెయ్యలేదు. కట్టేస్తే సవతితల్లి అయిపోతుంది. కట్టెయ్యకపోగా శబ్దం పెంచింది కూడా. పెంచి, వంటగదిలోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కథలు చెప్పేవాళ్ళకి తెలియదు గానీ, సవతితల్లి పొద్దస్తమానం తన మంచితనానికి తనే కాపలా కాసుకోవాలి. కన్నతల్లి వీపు మీద ఒకటి వేస్తే ప్రేమ. సవతితల్లి గొంతు పెంచితే చాలు, పక్కింటి కిటికీ తెరుచుకుంటుంది.

“ఏమే, ఈ పెద్దాయన నీకేం అన్యాయం చేశాడే?”

సున్నమక్క. అచ్చుల్లో ప్లాస్టరు పోసే మనిషి, మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. పళ్ళావిడ కంటే పదేళ్ళు పెద్దది, నోరు అంతకంటే పెద్దది. పళ్ళావిడ చేతిలోని మైనపు చిగుళ్ళని చూపుడువేలితో చూపించింది. “కుడి కోరపన్ను ఎడమవైపు పెట్టావు. ఇది పెట్టుకుని ఆయన నవ్వాడంటే మనవలు జడుసుకుని మంచం కిందికి దూరతారు.”

“చూసుకోలేదక్కా.”

“ఎట్లా చూసుకుంటావు, చూపంతా సముద్రం మీదుంటే? పోనీ ఇంటికి పో. నేను చూసుకుంటాలే.”

“ఇంటికెళ్ళి ఏం చెయ్యను? పిల్ల గది చూస్తూ కూర్చోనా?”

సున్నమక్క ఆమె మొహం చూసి, ప్లాస్టరు తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. పళ్ళావిడ చిన్న కత్తిని దీపం మీద కాల్చి, తప్పు కోరపన్ను చుట్టూ మైనాన్ని మెత్తబరిచి, పన్నుని పైకి లాగింది. పళ్ళ విషయంలో ఆమె ఎప్పుడూ పొరబడదు. ఆ పిల్లతో మొదటి పరిచయం కూడా పళ్ళతోనే. ఆయన ఇంటికి మొదటిసారి వెళ్ళిన రోజు నాలుగేళ్ళ పిల్ల బల్ల కింద దాక్కుంది. దా అమ్మా అని చెయ్యి చాపితే వేలు పట్టి కసుక్కున కొరికింది. ఆయన అయ్యయ్యో అంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆమె మాత్రం వేలు వెలుతురులోకి పెట్టి ఆ గాటుని తిప్పితిప్పి చూసుకుని, పళ్ళ కూర్పు చాలా బాగుందండీ, పై వరస కింది వరస మీద చక్కగా కూర్చుంటోంది అంది. బల్ల కిందినుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. ఆ నవ్వుకే ఆమె పడిపోయింది. ఆయనకంటే ముందు ఆ పిల్లనే చేసుకుంది అనాలి. అప్పట్నుంచీ ఏటా ఒకసారి పిల్లని ఈ గదికే తెచ్చి, నోట్లో గులాబీరంగు ముద్ద పెట్టి, కదలకు కదలకు అని బతిమాలుతూ అచ్చు తీసింది. పాలపళ్ళ అచ్చు, ముందు పళ్ళూడిన బోసినోటి అచ్చు, కొత్తపళ్ళు రంపంలా మొలుచుకొస్తున్న అచ్చు, అన్నీ పై అరలో ఉన్నాయి. ఆవిడ దగ్గర ఇవి లేవు. ఆవిడ దగ్గర ప్రపంచంలోని భూకంపాలన్నీ ఉండొచ్చు, ఈ నోటిలో ఏ పన్ను ఎప్పుడు కదిలిందో ఆవిడ ఏ సూదీ చెప్పదు.

చెప్పదు గానీ, ఆ పళ్ళు ఆవిడవే. అక్కడే వస్తుంది చిక్కు. పిల్లకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఆవిడ ఒక్కసారి వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఎవరో మేకు కొట్టినట్టు అక్కడే ఉండిపోయి, చేతిలో కాగితం చుట్టిన రాయి ఒకటి పిల్లవైపు చాపింది. ఎన్నో కోట్ల ఏళ్ళ నాటి రాయట. పిల్ల పళ్ళావిడ వెనక్కి చేరి నడుముని రెండు చేతులా పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నడుము చుట్టూ ఉంది. అంత గెలుపు ఆమె జీవితంలో మళ్ళీ చూడలేదు. ఓడిపోయినావిడ కోపం తెచ్చుకుని ఉంటే ఆ గెలుపు కలకాలం నిలిచేది. కానీ ఆవిడ నవ్వింది. పై ముందు పళ్ళ మధ్య సన్నటి సందు, బియ్యపుగింజ పట్టేంత. పళ్ళావిడ ఒక్క చూపులో కొలిచేసింది. తను ఏటా అచ్చు తీస్తున్న సందు అదే. తను ముద్దు పెట్టుకుంటున్న నవ్వు అదే. ఆ తర్వాత పళ్ళ డాక్టరు, ఆడపిల్ల కదా తీగలు కట్టి ఆ సందు మూసేద్దామా అన్నప్పుడు, ఆమె ఇంట్లో అడిగి చెప్తాననలేదు, పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి వెంటనే కట్టించేసింది. సందు మూసుకుంది. తీగలు తీసేశాక పళ్ళు జరక్కుండా రాత్రిపూట పెట్టుకోమని ఇచ్చిన క్లిప్పుని బొంగరం రెండు వారాలు పెట్టుకుని, ఎక్కడో పారేసింది. చూస్తుండగానే పళ్ళు మళ్ళీ వాటి చోటికి అవి జరిగాయి. సందు తెరుచుకుంది. ఏడాదిపాటు కట్టిపడేసినా వాటికి పుట్టిల్లు గుర్తుంది.

రాళ్ళు మాత్రం ఏటా వచ్చాయి. పుట్టినరోజుకి ముందు ఒక పెట్టె, అందులో దూది, దూదిలో రాయి. ఊదారంగుది, చారలది, అద్దంలా మెరిసేది, పెంకులా విరిగేది. పిల్ల వాటిని కిటికీగట్టు మీద వరసగా పేర్చుకుంది. వారానికోసారి వాటి మీద దుమ్ము దులిపింది ఎవరు? సవతి పంపిన రాళ్ళకి తల స్నానం చేయించిన మనిషి లోకంలో ఇంకెవరైనా ఉంటే చూపించండి. ఒక్కటీ పగలగొట్టలేదు. ఒక్కటి కూడా, చెయ్యి జారినట్టు నటించి కూడా, పడెయ్యలేదు. మొన్న ప్రయాణానికి ముందు బొంగరం మూడు సాయంత్రాలు బజారంతా తిరిగింది, ఆవిడకి ఏం కొనాలా అని. ఇత్తడి పిడి ఉన్న భూతద్దం తెచ్చి, రాళ్ళు చూసుకోవడానికి బాగుంటుంది కదమ్మా అని పళ్ళావిడకే చూపించింది. బాగుందమ్మా అంది. తనకి పోయిన పుట్టినరోజుకి చేతిసంచి ఇచ్చింది, అదీ దారిలో కనిపించిందని కొన్నది. చేతిసంచి మంచిదే, రోజూ వాడుతోంది. కానీ మూడు సాయంత్రాలు! తన కోసం ఎవరైనా మూడు సాయంత్రాలు తిరిగారా? ఆ పిల్ల కోసం తను ఎన్ని సాయంత్రాలు తిరిగిందో లెక్క చెప్పమంటే మాత్రం నోరు రాదు. అలాంటివి లెక్కపెట్టకూడదు. పెట్టకూడదనుకుంటూనే మనసు వేళ్ళు ముడుస్తోంది.

ఫోను తెర దానంతటదే ఆరిపోయింది. కంగారుగా వేలు ఆనించింది. విమానం తీరం దగ్గరికి వచ్చేసింది. కాస్త నేల కనిపిస్తోంది, ఆకుపచ్చగా, నాలుక చాపినట్టు. సెలవులకేగా అని ఆయన అన్నాడు. సెలవులకే. కానీ బల్ల దగ్గర తింటూ తింటూ, నీళ్ళ గ్లాసు అందుకుంటూ, మామూలు సంగతి చెప్పినట్టు బొంగరం అన్న మాట ఆయన విన్నాడో లేదో. “నచ్చితే అక్కడే చదువుకోవచ్చట నాన్నా. ఆవిడ యూనివర్సిటీలోనే.” ఆయన ఊఁ అన్నాడు. పళ్ళావిడ చెంచా మాత్రం గాల్లోనే ఆగిపోయింది. ఆ మాట ముందు ఎవరు ఎత్తారు, ఎప్పుడు ఎత్తారు? మూసిన తలుపు వెనక వీడియోలో మాట్లాడుకున్నప్పుడా? ఆ తలుపు ముందునుంచి ఉతికిన బట్టలు పట్టుకుని ఎన్నిసార్లు నడిచిందో. లోపల్నుంచి నవ్వు వచ్చేది. తను ఎరగని నవ్వు, కాస్త లోగొంతుతో, పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో నవ్వే నవ్వు. తనతో ఇప్పటికీ కిసుక్కునే నవ్వుతుంది. అది ప్రేమో, చిన్నచూపో. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఇక్కడ ముందొచ్చిందెవరు, వెనకొచ్చిందెవరు? కన్న లెక్కన ఆవిడ ముందు. పెంచిన లెక్కన తను ముందు. ఎటు తిప్పినా ఎవరో ఒకరి కొమ్ములు గుచ్చుకుంటూనే ఉన్నాయి. విమానాశ్రయంలో బొంగరం ఆమెని కౌగిలించుకుంది, గట్టిగానే, ఎముకలు నొక్కుకునేలా. అయినా భుజం మీదున్న ఆ గడ్డం పక్కకి తిరగడం ఆమెకి తెలిసింది. పిల్ల కళ్ళు బోర్డు మీది వేళలు చూస్తున్నాయి. కౌగిట్లో ఉన్నంతసేపూ కూడా పూర్తిగా ఇక్కడ లేదు. అప్పుడే సగం దూరం వెళ్ళిపోయింది, విమానం ఎక్కకుండానే.

నిన్నగాక మొన్న ఫోనులో ఆవిడ పిల్లతో అనడం విన్నది, నేను పొద్దున్నే వచ్చి తలుపుల దగ్గరే నిలబడతాను, ఆ జనంలో నువ్వు నన్ను గుర్తుపట్టకపోయినా నేను గుర్తుపడతాను అని. పట్టకేం చేస్తుంది, ఆ సందు ఉండగా. ఇప్పుడు అక్కడే నిలబడి ఉంటుంది. పూలు తెచ్చి ఉంటుందా? రాయి తెచ్చి ఉంటుంది. పళ్ళావిడకి ఉన్నట్టుండి తన చేతులు చూసుకోవాలనిపించింది. గోళ్ళ సందుల్లో మైనం, బొటనవేలి మీద కాలిన మచ్చ. ఈ చేతులే ఆ పిల్లకి జడలు వేసి, చొక్కాలకి గుండీలు కుట్టి, జ్వరానికి నుదురు పట్టుకున్నాయి. ఆవిడ చేతులు సన్నగా ఉంటాయి. టీవీలో చూసింది.

ఫోను మోగింది. ఆయన.

“దిగిందోయ్! చూశావా?”

చూడలేదు. చేతులు చూసుకుంటున్న ఆ కాసేపట్లోనే దిగిపోయింది. పసుప్పచ్చ పేను నేల మీద కదలకుండా కూర్చుని ఉంది.

“చూశాను,” అంది.

“ఏంటా గొంతు? పైకెళ్ళింది కిందికి దిగక తప్పదు, మన లిఫ్టు అయినా అంతే, విమానమైనా అంతే. ఇక దిగులు మానెయ్.”

“మీకేం, మీరు బానే ఉంటారు.”

“ఎవరు చెప్పారు బానే ఉన్నానని?” అన్నాడాయన. వెనకాల ఎక్కడో ఇనప తలుపు కిర్రుమంది. “పెట్టేస్తున్నా. పని ఉంది,” అని పెట్టేశాడు. ఇన్నేళ్ళలో ఆయన గొంతులో ఆ కిర్రు మొదటిసారి విన్నదామె. దాని గురించి ఆలోచించాలి, తర్వాత. ఇప్పుడు మనసులో చోటు లేదు.

దిగాక పిల్ల కబురు పెట్టాలి. అదే ఒప్పందం. దిగగానే ఒక్క మాట, ఏ మాటైనా సరే. ఫోనులో ఏమీ రాలేదు. పళ్ళావిడ పెద్దాయన కోరపళ్ళు రెండూ సరైన చోట పెట్టి, దవడ మూసి, తెరిచి, మూసి చూసింది. ఏమీ రాలేదు. ఇప్పుడు పాస్‌పోర్టు చూపిస్తూ ఉంటుంది. ఇప్పుడు పెట్టె కోసం నిలబడి ఉంటుంది. ఇప్పుడు తలుపులు తెరుచుకుని ఉంటాయి. అదుగో, ఆవిడ చెయ్యి ఊపుతోంది. అదుగో, పిల్ల పరుగెడుతోంది, బొంగరం కదా, నడవదు. ఆ కౌగిట్లో పిల్ల కళ్ళు ఏ బోర్డూ చూడటం లేదు. రెండు సందుపళ్ళ నవ్వులు ఒకదానికొకటి ఎదురుగా, అద్దంలో చూసుకున్నట్టు. ఎదురుగా ఫోను పెట్టుకుని పళ్ళు నూరుకుంటున్న ఒక ఆడమనిషి సంగతి వాళ్ళకి ఎందుకు గుర్తుంటుంది? కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, అది మాటవరసకి అన్నది కాదు. నిజంగానే మండుతాయి. దీపం వేడికి అని సర్దిచెప్పుకుని ఆమె దీపం ఆర్పేసింది. ఆర్పాక కూడా మండాయి. తనకీ వయసొచ్చింది, ఇంత కుళ్ళేమిటి, పిల్ల ఎక్కడో సుఖంగా ఉంటే చాలదా అని లోపల ఒక మంచిమనిషి నీతులు మొదలుపెట్టింది. నోర్ముయ్ అంది దాంతో. ఇన్నేళ్ళూ నీ మాటే విన్నాను, ఒక్క గంటసేపు నన్ను కుళ్ళుకోనీ.

ఆ గంటా గడిచాక ఫోను మళ్ళీ మోగింది. పిల్ల నంబరు కాదు. ముందు కూడిక గుర్తు, ఆ తర్వాత తోకలా పొడుగాటి నంబరు.

“హలో… నేనండీ,” అంది అవతలి గొంతు. ఎవరో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పదిహేనేళ్ళలో ఆ గొంతు తిన్నగా తన చెవిలోకి రావడం ఇదే మొదలు. టీవీలో వినిపించిన నిదానం అందులో లేదు.

“చెప్పండి,” అంది పళ్ళావిడ, లేచి నిలబడి.

“అమ్మాయి వచ్చిందండీ, క్షేమంగానే వచ్చింది. కానీ చెవులు… విమానం దిగుతున్నప్పుడు రెండూ పట్టేశాయట. ఒకటే పోటు. నేనేం మాట్లాడినా వినిపించడం లేదంటోంది. కారులో కూర్చోబెట్టాను, ఆగకుండా ఏడుస్తోంది. మందులషాపులో చుక్కలిచ్చారు, ముట్టుకోనివ్వడం లేదు. ఉఫ్‌గుడ్డ, ఉఫ్‌గుడ్డ అంటోంది. అంటే ఏంటండీ? నాకు తెలియడం లేదు.”

నాకు తెలియడం లేదు. ఆ మాట పళ్ళావిడ ఒంట్లో తేనెబొట్టులా నెమ్మదిగా దిగింది. భూమి పొరలన్నీ తెలిసినావిడకి ఉఫ్‌గుడ్డ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ మాట ప్రపంచంలో ముగ్గురికే తెలుసు. పెళ్ళైన మొదటి వానాకాలం, పిల్లకి చెవిపోటు వచ్చి ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంటే, ఆయన ఎక్కడో లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళ కోసం వెళ్ళి ఉంటే, ఏం చెయ్యాలో తోచక ఆమె తన మెత్తటి పాతగుడ్డ మడతపెట్టి, నోటితో ఊది వెచ్చబెట్టి, చెవికి అద్దింది. ఊదుతూ, అద్దుతూ, ఊదుతూ, అద్దుతూ, పిల్ల తన ఒళ్ళో నిద్రపోయేదాకా. అంతకుముందు ఆ పిల్ల ఆమె ఒళ్ళోకి రాలేదు. మర్నాడు లేచి ఉఫ్‌గుడ్డ ఎక్కడ అని అడిగింది. అలా పుట్టింది ఆ మాట. అది తన ఊపిరి. ఇప్పుడా చెవి దగ్గరికి ఇంకొకరి ఊపిరిని పంపాలి. నాకూ తెలియదండీ అనొచ్చు. ఎంత తేలిక! నాలుక చివర ఆ మాట తయారుగా నిలబడింది. తెలియదండీ, మీరే చూసుకోండి, కన్నారుగా.

అవతల ఏడుపు వినిపించింది. పందొమ్మిదేళ్ళ పిల్ల ఏడుపు కాదది. ఎక్కిళ్ళ మధ్య గాలి అందక మూలిగే, నాలుగేళ్ళ బల్లకింది పిల్ల ఏడుపు.

“మీ దగ్గర నూలుగుడ్డ ఏదైనా ఉందా?” అంది పళ్ళావిడ.

“చేతిరుమాలు ఉంది.”

“శుభ్రమైనదేనా? నాలుగు మడతలు వెయ్యండి. నోటికి ఆనించుకుని ఊది, వెచ్చగా అవగానే చెవి మీద పెట్టి అరచేత్తో మూయండి. చల్లారగానే మళ్ళీ.”

అవతల ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. ఆ తర్వాత, ఉఫ్… ఉఫ్… ఉఫ్… పళ్ళావిడకి తెలిసిపోయింది. ఆవిడ దీపం ఆర్పినట్టు ఊదుతోంది. అలా ఊదితే గాలి చల్లగా వస్తుంది, గుడ్డ వెచ్చబడదు. పేరే ఉఫ్‌గుడ్డ గానీ, ఊదేది ఉఫ్ అని కాదు. అదే అందులోని గుట్టు, అది పిల్లకి కూడా తెలియదు. ఉఫ్… ఉఫ్… “ఇలా కాదు,” అని పిల్ల ఏడుపుగొంతుతో విసుక్కోవడం వినిపించింది. ఆవిడ మళ్ళీ ఊదింది, ఇంకా గట్టిగా, ఇంకా చల్లగా. “ఇది కాదూ…” పళ్ళావిడ ఫోను చెవికి నొక్కుకుని ఆ మాటలు విన్నది. వింటూ ఊరుకుంది. ఇంకో ఉఫ్ దాకా ఊరుకుంది. ఆ ఒక్క ఊపిరి మేర లోకంలో తల్లి తనొక్కతే. ఆ సుఖాన్ని ఆమె దాచుకోలేదు, సిగ్గుపడలేదు. పూర్తిగా అనుభవించింది.

“అలా కాదండీ,” అంది అప్పుడు, గట్టిగా, అవతల పక్కన పెట్టిన ఫోనులోంచి వినపడేలా. “ఉఫ్ అని ఊదకండి. నోరు పెద్దగా తెరిచి, హా… అనండి. గొంతులోంచి కాదు, కడుపులోంచి. అద్దం మీద ఆవిరి పట్టించినట్టు.”

సున్నమక్క తెల్లటి చేతులు గాల్లోనే పెట్టుకుని ఆమె వంక చూస్తూ నిలబడింది.

“హా…” అంది అవతల ఆవిడ.

“ఇంకా నిదానంగా.”

“హా…”

“ఆఁ, అదీ. ఇప్పుడు పెట్టండి. చెయ్యి తియ్యకండి.”

ఏడుపు వెంటనే ఆగలేదు. నాలుగైదుసార్లు హా అన్నాక ఎక్కిళ్ళు దూరదూరంగా పడటం మొదలుపెట్టాయి. పళ్ళావిడ తనకి తెలియకుండానే ఇక్కడ నోరు తెరిచి ప్రతిసారీ ఆవిడతో పాటు హా అంటోంది. అవతల కారులో గుడ్డ రాపిడి, సీటు కిర్రు, ఎవరో ముక్కు చీదుకోవడం. ఏడ్చింది పిల్లేనా, ఆవిడ కూడానా? ఆవిడ ఊపిరిలో కూడా ఏదో వణుకు ఉంది. ఉండనీ. జాలిపడటానికి ఇంకా టైముంది.

“అమ్మా,” అంది పిల్ల.

నొప్పికి అన్నదో, పిలిచిందో తెలియదు. మూలుగులాగా, మత్తుగా, తలుపు వెనకనుంచి అన్నట్టు అన్నది.

“ఆఁ,” అంది ఇక్కడ పళ్ళావిడ.

“ఆఁ,” అంది అక్కడ ఆవిడ.

రెండూ ఒకేసారి వచ్చాయి. చెవులు పట్టేసిన పిల్లకి ఏదీ వినపడలేదు. వినపడింది ఆ ఇద్దరికే. పదకొండు వేల కిలోమీటర్ల ఈ చివరా ఆ చివరా ఇద్దరూ నోళ్ళు సగం తెరుచుకుని, అవతలి మనిషి ఊపిరి వింటూ ఉండిపోయారు.

ముందు తేరుకున్నది పళ్ళావిడే.

“రెండో చెవికి కూడా పెట్టండి,” అంది.